ఆషాఢంలో రస్‌మలై

పెళ్లయ్యాక తొలి ఆషాఢం. అత్తారింటి గడప తొక్కకూడని అల్లుడు హుజూర్‌నగర్‌లో బస్సెక్కి కోదాడ సూపర్‌మార్కెట్‌లో దిగబడ్డాడు. స్వీట్ల ఫ్రిజ్ దగ్గర, పుట్టింట్లో ఉంటున్న భార్య అప్పటికే ఎదురుచూస్తోంది.

"ఇంట్ల ఏం చెప్పొచ్చినవ్?" అడిగాడతను.

"చక్కెర అయిపోయిందని."

"మొన్న గూడ గదే చెప్తివి. అత్తమ్మకు డౌట్ రాలే?"

"రాలే. సంచి గూడ అమ్మనే తెచ్చి చేతికిచ్చింది. మొన్న కస్టర్డ్ తిన్నం గదా, ఇయ్యాల రస్‌మలై సూద్దామా?"

"సూద్దాం. డబ్బాల చెంచా ఒక్కటే ఉంటది మరి."

"ఒక్కటి సాలదా మనకు?"

సిగ్గుపడుతూ ఆమె పర్సు కోసం సంచిలో చెయ్యిపెట్టింది. అడుగున ఏదో గలగలమంది. తీసి చూసి అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది?"

"అమ్మ రెండు చెంచాలు పెట్టి పంపింది."