ఎడమ రెక్క

విడిభాగాల కిట్ కొని తమ్ముడు సొంతంగా కట్టుకున్న విమానం రేపు ఉదయం తొలిసారి ఎగరాలి. షెడ్డులో అక్క పైలట్ సీట్లో కూర్చుని కంట్రోల్ కర్ర పట్టుకుంది. అతను ఎడమ రెక్క వెనక అంచుకి కదిలే పలక బిగించి లేచాడు.

“కర్ర ఎడమకి తిప్పక్కా.”

“తిప్పాను. నీ దగ్గర పలక కిందికి దిగింది.”

“దిగాలి మరి. ఎడమకి ఒరగాలంటే ఎడమ రెక్క దిగాలి కదా.”

“దిగాల్సింది రెక్కరా, పలక కాదు. పలక దిగితే గాలి రెక్కని పైకి తోస్తుంది. నువ్వు ఎడమకి తిప్పితే ఇది కుడికి పల్టీ కొడుతుంది. కర్ర నుంచి పలకకి వచ్చే కేబుళ్లు తారుమారు చేశావు.”

“నువ్వు సైన్సు టీచరువి. విమానం కట్టింది నేను.”

“అందుకే భయంగా ఉంది. విప్పు.”

“పొద్దుట్నుంచీ విప్పడం, బిగించడమే సరిపోయింది. వేళ్లు వాచిపోయాయి. ఇంక చచ్చినా విప్పను.”

“విప్పకపోతే రేపు జరిగేది అదే.”

“నీ నోట మంచిమాట రాదా?”

“సరే, విప్పకు. రేపు పక్క సీట్లో నేనూ కూర్చుంటాను.”

“నువ్వెందుకు?”

“అంతా బాగానే ఉందంటున్నావుగా.”

అతను పలకను చేత్తో పైకీ కిందికీ కదిపాడు. ఆమె చేతిలో కర్ర అటూ ఇటూ ఊగింది.

“దిగక్కా. ఆ సీటు పక్కనున్న స్పానర్ ఇలా పడెయ్. ఒక్క మాట మాట్లాడకు.”