గేరంటీ లేని ఫిల్టరు

పలాసలో పాత వ్యాన్ల సామాన్లమ్మే షెడ్డు ముందు ఓ భార్యాభర్తల కొబ్బరికాయల వ్యాను ఆగి ఉంది. డీజిల్ పొగను వడకట్టే ఫిల్టరు మూసుకుపోయి, లోడెత్తితే చాలు మొరాయిస్తోంది. కొట్టతను వేరే బండి నుంచి విప్పిన ఫిల్టరు తెచ్చి ముందు పెట్టి లోపలికెళ్లాడు. భర్త దాన్ని ఎత్తబోతే భార్య చెయ్యి పట్టుకుంది.

"బరువులెత్తొద్దన్నారు గదా మావా. కూకోనే సూడు."

"సూడ్డానికేటుందే? ఎవులో వాడేసింది."

"మన పాత ఫిల్టరు నంబరుతో కలిసిందన్నాడు గదా."

"నంబరు కలిస్తే సరా? ఒకల బండిలో తిరిగింది ఇంకోల బండికి పడతాదేటి?"

"కలిసినప్పుడు ఎందుకు పడదు?"

"పడినా ఎన్నాళ్లుంటాది? కొట్టోడు గేరంటీ కూడా ఇవ్వనంటన్నాడు. కొత్తదే ఏయిద్దాం."

ఆమె కొంగుతో ఫిల్టరు మీది మసి తుడిచింది.

"మావా, నీ కడుపులో పనిసేత్తన్న కిడ్నీ కొత్తదేటి?"

అతని చెయ్యి దానంతటదే చొక్కా మీదుగా కుట్ల దగ్గరికి వెళ్లింది.

"సెప్పు. నలభయ్యేళ్లు నాకాడ పనిసేసిందే గదా అది?"

"దానికీ దీనికీ పోలికేటే? దానికి గేరంటీ ఉంది."

"డాక్టరే ఇవ్వనన్నాడు గదా. ఇంకెవులిచ్చారు?"

"నువ్విచ్చావు కదే."

ఆమె మొహం అటు తిప్పుకుని, నీళ్ల సీసా మూత తీసి అతనికి అందించింది.

"సాల్లే. మాత్ర టైమైంది, ఏసుకో. దీనికీ నేనే ఇత్తాను గానీ, బిగించమని సెప్పు."