పెయ్య వేరే, కోడెదూడ వేరే

బూదికోట పక్క పల్లెలో తెల్లారి పాలు పిండే వేళ. ఆమె ఖాళీ చెంబు పట్టుకొని కొట్టం గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల మొగుడు ఆవు వీపు నిమురుతా ఉన్నాడు.

“నా తల్లే, నా తల్లే! రా మే, చేపింది, పొదుగులోకి పాలు దిగినాయి. వచ్చి పిండు.”

“ముందర ఇది చెప్పయ్యా. పోయిన ఈతలో పెయ్య పుడితే ఏం చేస్తివి?”

“మెడకు గంట కట్టినా. ఊరంతా జున్ను పంచినా.”

“ఈ తూరి కోడెదూడ పుడితే?”

“కోడెదూడ ఎందుకు మే ఇంగ? దున్నేదానికి ట్రాక్టరు ఉండాది. ఉత్తపుణ్యానికి పాలు తాగేస్తాది.”

“అందుకని మూతికి చిక్కం కట్టి, ఆకలికి సంపేస్తివి.”

“నేనొక్కణ్ణేనా చేసేది?”

“సరే. ఇప్పుడు ఆవు ముందర నిలబెట్టినావే, అదేంది?”

“దాని తోలే. లోపల గడ్డి కూరిపించినా. బిడ్డ వాసన తగిలితేనే గదా ఇది చేపేది?”

ఆవు ఆ గడ్డిబొమ్మను చెవుల కాడనుంచి తోక దాకా ఆశగా నాకుతా ఉంది. ఆమె చెంబు అతని కాళ్ల ముందర పారేసింది.

“థూ! పాలు నువ్వే పిండుకో, నువ్వే తాగు. ఆ బిడ్డ తోలు ముందర పెట్టుకొని ఆవును మాత్రం తల్లీ అని పిలవాకు.”