పింగాణీ గిన్నెల దండ

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. మేడిపల్లి శివారు పసుపు చేనులో, కొత్తగా లేచిన కరెంటు టవరు కింద ఒక రైతు, సమ్మెలో ఉన్న లైన్‌మన్ అయిన అతని బావ నిలబడి ఉన్నారు.

"బావా, తీగెను పట్టుకున్న గా పింగాణీ గిన్నెల దండ గంత పొడుగెందుకున్నది? మన ఊరి లైనుకు ఒకటో రెండో ఉంటయి గద."

"వోల్టేజీ పెరిగితే గిన్నెలు పెరుగుతయి."

"గంత వోల్టేజీ ఎందుకు?"

"తక్కువ వోల్టేజీతోని దూరం పంపితే కరెంటు తొవ్వలనే వేడై పోతది. అందుకే ముందుగాలే మెట్లు పెట్టిన్రు. ఊర్లకు పదకొండు వేల వోల్టులు, సబ్‌స్టేషన్‌కు ముప్పై మూడు వేలు, ఇంక దూరానికి లక్షా ముప్పై రెండు వేలు."

"మరి ఇది?"

"నాలుగు లక్షలు."

"అంటే మనకు కాదు."

"కాదు. మన మీదికెల్లి ఎక్కడికో పోతది. దీనికెల్లి మన మోటర్లకు తీసుకోరాదు."

"మన సబ్‌స్టేషన్‌కే అన్నవు గద! పక్క చేను పోశవ్వ తన చేన్ల టవరుకు గుంత తియ్యనియ్య అంటే, మా బావ అబద్ధమాడడని నేనే ఒప్పిస్తి."

"పై సార్లు గట్ల చెప్పుమన్నరు."

"నీకు ఎప్పటికెల్లి ఎరుక?"

"గుంతలు తీసిన్నాటికెల్లి."

"గా దినమే గద, గుంత కాడ కొట్టుమని నా చేతికి కొబ్బరికాయ ఇచ్చినవు."

"ఏం జెయ్యాలె మరి? నౌకరీ నాది."

"పొద్దుగాల ధర్నాల మైకు పట్టి 'మన కరెంటు మనకే' అని నువ్వంటుంటే, పోశవ్వ అందరికంటె గట్టిగ చప్పట్లు కొట్టింది. ఆమె పక్కన కూసున్నది నేనే, బావా."