తొమ్మిది వేళ్లు

నా పేరు, చెల్లి పేరు వేరే కాగితం మీద రాసి కవరులో పెట్టారు. వయసు నలభై ఒకటి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ పని. ఈ శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు, ఎవరూ పిలవకుండా, నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చాను.

మా దేశం నుంచి వచ్చి ఏడు నెలలైంది. ఏ దేశంలో ముందు వేలిముద్ర పడితే ఆ దేశమే మన ఆశ్రయం అర్జీ చూడాలని ఇక్కడి రూలు. ఈ దేశం నూటికి ఇద్దరిని ఉండనిస్తుంది. అవతలి దేశం సగం మందిని ఉండనిస్తుంది. తొమ్మిదేళ్ల నా కూతురు అక్కడ, మా అన్నయ్య దగ్గర ఉంది. అందుకే నేను ఇంతవరకు ఏ మిషను మీదా వేలు పెట్టలేదు.

మొదట్లో అందరూ వంతెన మీదుగా అవతలి దేశానికి వెళ్లేవాళ్లు. అక్కడ వేలిముద్రల మిషను పెట్టాక రిజర్వాయరు దారి పట్టారు. నీళ్ల మీద మిషను లేదు.

మేము పదకొండు మందిమి ఒకే గదిలో ఉంటాం. మాలో ఎనిమిది మందికి వేళ్ల కొనల మీద గీతలు లేవు. పట్టుబడినా మిషనుకు అంతుపట్టకూడదని కాల్చుకున్నారు. చెల్లి వేళ్లు నేనే కాల్చాను. కిందటి నెల రెండో ఆదివారం, లాండ్రీలో, ఇస్త్రీ పెట్టె మీద. దానికి చేయి ముందుకు రాలేదు. నేనే పట్టుకుని పెట్టాను. చిన్నప్పుడు నేను తలుపు వేస్తే దాని కుడిచేతి ఉంగరపు వేలు ఒక కణుపు పోయింది. "ఒకటి అప్పుడే తీసేశావుగా అక్కా, తొమ్మిదే కాల్చు" అని నవ్వింది. తరువాత ఏడ్చింది. నా వేళ్లు రేపు ఆదివారం కాల్చాలని అనుకున్నాం.

ఈ సోమవారం తెల్లవారుజామున ఐదుకు అది రిజర్వాయరు దారిన వెళ్లింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంట. నేను దారి పట్టుకుంటున్నా, నువ్వు వెనకాలే రా" అంది.

లాండ్రీ తాళం నా దగ్గరే ఉంటుంది. మంగళవారం ఆరుకు తెరిచి బాయిలరు వేశాను. ఆరుంపావుకు కిటికీ అద్దానికి ఆవిరి పట్టింది. ఆవిరిలో ఒక చేతి గుర్తు తేలింది. కుడిచేయి. ఉంగరపు వేలు ఒక కణుపు తక్కువ. సబ్బుతో తుడిచాను. బుధవారం అదే చోట తేలింది. సోడా వేసి తుడిచాను. గురువారం తేలింది. శుక్రవారం తుడవలేదు. దాని మీద నా చేయి ఆనించాను. అద్దం వేడిగా ఉండాలి, చల్లగా ఉంది.

ఇక్కడ ఇన్‌స్పెక్టర్ గారు, "అద్దం సంగతి వద్దమ్మా, కేసుకు పనికిరాదు" అన్నారు. "రాయించండి సార్, చెప్పేది నేను కదా" అన్నాను. రాయించారు.

శుక్రవారం మధ్యాహ్నం మూడుకు మీ కానిస్టేబులు ఫోటో పట్టుకుని లాండ్రీకి వచ్చాడు. సోమవారం మధ్యాహ్నం రిజర్వాయరులో తేలిన మనిషి, వేలిముద్రలు పడటం లేదు, ఎరుగుదురా అని అడిగాడు. మా ఓనరమ్మ తెలియదంది. నన్ను అడిగాడు. తెలియదన్నాను. అది నా చెల్లి. నాకు తెలియదన్నాను.

ఈ ఉదయం ఆరుంపావుకు అద్దానికి ఆవిరి పట్టింది. గుర్తు రాలేదు. ఆవిరి పెంచాను. రాలేదు. ఇంకా పెంచాను. అద్దమంతా తెల్లగా ఉంది. నాలుగు రోజులూ పుట్టని భయం అప్పుడు పుట్టింది.

ఎవరూ రాకపోతే దాన్ని నంబరు వేసి పూడుస్తారని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. గుర్తుపట్టిన మనిషి వేలిముద్ర వేస్తేనే పేరు రాస్తారట. ఆ ముద్ర మిషనులోకి కూడా వెళ్తుందని, ఇక నా అర్జీ ఈ దేశానిదేనని కూడా చెప్పారు. "మీ పాప సంగతి ఆలోచించుకున్నారా?" అని రెండుసార్లు అడిగారు. ఆలోచించుకున్నాను. నిన్న మధ్యాహ్నం నుంచీ అదే ఆలోచన. దాని గీతలు చెరిపింది నేను. దాని పేరు కూడా నేనే చెరపలేను.

చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, అద్దం సంగతితో సహా. అంతా నిజం. ముద్ర వేసే ముందు చేయి కడుక్కోవడానికి నీళ్లు అడిగాను, గీతలు బాగా పడాలని.

కుడిచేతి బొటనవేలి ముద్ర

(మొదటిసారికే స్పష్టంగా పడింది. — రైటరు)