రాక్ కచేరీకి ఆలుగడ్డల మూట

ఒమూర్కుల్ కోతలు మొదలెట్టాడంటే సరస్సు ఒడ్డునున్న బాలిక్చి ఊరి టీకొట్టులో ఒక్కరు లేస్తే ఒట్టు. ఎవరూ నమ్మరు, అయినా ఎవరూ లేవరు. బావమరిది సాదిర్ అయితే బావ పక్కనే కూర్చుని అన్నిటికీ తలూపుతాడు. దానికో కారణముంది. సాదిర్ అక్క బాత్మా చనిపోయిన ఏడు, చలికాలమంతా బావ నోట ఒక్క మాట రాలేదు. మంచు కరిగాక ఇద్దరూ ఆలుగడ్డల లారీ వేసుకుని అల్మాతీ పట్నం వెళ్లారు. తిరిగొచ్చేటప్పటికి మాట వచ్చింది, మాటతోపాటు కోతలూ వచ్చాయి. బావ ఎంత పెద్ద అబద్ధమాడితే సాదిర్‌కి అంత కడుపు నిండినట్టుండేది.

"పాటలు వినాలని నేను పోలేదమ్మా," అంటున్నాడు ఒమూర్కుల్, టీ పోస్తున్న అనార్కాన్‌తో. "జనం తండోపతండాలుగా స్టేడియంలోకి పోతున్నారు. ఎవరింటి పెళ్లి విందో అనుకున్నా. విందుకి మనకి పిలుపేంటి? కానీ వట్టి చేతుల్తో పోతామా? లారీలోంచి ఓ మూట తీసి భుజానేసుకున్నా."

"టికెట్టు అడగలేదా?"

"అడిగాడు, గేటు దగ్గర కుర్రాడు. 'నువ్వు పెళ్లికొడుకు తరఫా, పెళ్లికూతురి తరఫా?' అని నేనే ఎదురడిగా. వాడు పడీపడీ నవ్వి దారిచ్చేశాడు."

సాదిర్ తలూపాడు. ఇంతవరకూ నిజమే.

"లోపల డప్పులవాడు ఒక్క దెబ్బ వేశాడు చూడు, మూటలో ఆలుగడ్డలు ఎగిరి కిందికొచ్చేసరికి తొక్కలు ఊడిపోయాయి! రెండో దెబ్బకి ఉడికిపోయాయి! చుట్టూ ఉన్న పిల్లలు ఊదుకుంటూ తినేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వెన్న కూడా పడిందా బాబాయ్?" అన్నాడు వ్యాను తోలే బెయిషెన్.

"ఉండెహె! గిటారు తీగ ఠప్పున తెగింది. లక్షమంది గొల్లుమన్నారు. నేను చక్కా వేదికెక్కి, మీసంలోంచి ఓ వెంట్రుక పీకి కట్టిచ్చా. మావి తాతల నాటి మీసాలు, అప్పట్లో కొముజ్ వాయిద్యానికి తీగలుగా కూడా వాడారులే, అది వేరే కథ. వాడు దాన్నలా మీటాడో లేదో, అవతల కొండ నిలువునా చీలింది. నువ్వు రోజూ వ్యాను తోలే కనుమ ఉందే, అదే!"

"ఆ కనుమ మా తాత పుట్టకముందు నుంచీ ఉంది బాబాయ్!"

"ఉంటే ఉండనీ. వెడల్పు చేసిందెవరు మరి?"

కొట్టంతా ఘొల్లుమంది. ఆ ఊపులో ఒమూర్కుల్ ఇంకో మెట్టెక్కాడు. "పాటగాడు నా కాళ్ల దగ్గర కూర్చుని దీవించమన్నాడు. అరచేతులెత్తా. లక్షమందీ ఎత్తారు. దీవెనయ్యాక ఆనవాయితీగా అందరూ ఒక్కసారే అరచేతులతో మొహాలు తడుముకుంటే లేచిన గాలికి ఇక్కడ మన సరస్సు పొంగి, చేపలు నేరుగా వంటిళ్లలోకొచ్చి..."

"ఇక చాలు!" బెయిషెన్ బల్ల మీది గుండ్రటి రొట్టె తీసి అతని ముందు పట్టుకున్నాడు. "దీని మీద చెయ్యేసి చెప్పు చూద్దాం."

నవ్వులు ఆగిపోయాయి. దొంగ ఒట్టేసినవాణ్ణి రొట్టె ఊరికే వదలదని ఆ కొట్టులో అందరికీ తెలుసు. ఒమూర్కుల్ చెయ్యి సగం లేచి ఆగింది, మొహం వాడిపోయింది. ఆ మొహాన్ని సాదిర్ ఆ చలికాలమంతా చూశాడు. ఇవాళ సిగ్గుతో మూసుకున్న నోరు మళ్లీ తెరుచుకుంటుందో లేదోనని సాదిర్‌కి భయమేసింది. గబుక్కున రొట్టె లాక్కున్నాడు.

"అబద్ధమైతే ఈ రొట్టె నన్ను కొట్టుగాక," అన్నాడు. "మేం గోడవారన నిలబడ్డాం. మీసమూ లేదు, తీగా లేదు, కొండా చీలలేదు. కానీ డప్పులు మోగుతుంటే మా బావ గొంతు చించుకుని 'బాత్మా' అని అరిచాడు. చలికాలమంతా మంచినీళ్లు కూడా సైగతో అడిగిన మనిషి! ఆ హోరులో ఎవరికీ వినపడదనే ధైర్యంతో, పాట అయ్యేదాకా మా అక్కని పిలుస్తూనే ఉన్నాడు. ఆ వాయించిన పిల్లలెవరో నాకు తెలీదు. వాళ్లు నూరేళ్లు చల్లగా ఉండాలి. వాళ్ల పుణ్యమా అని మా బావ నాకు దక్కాడు. ఆయన ఎన్ని కోతలైనా కోసుకోనీ, నీ సొమ్మేం పోయింది?"

బెయిషెన్ తలదించుకుని, ఒమూర్కుల్ గిన్నెలో తనే టీ పోశాడు.

ఒమూర్కుల్ టీ ముట్టలేదు. బావమరిది వైపు తిరిగాడు.

"అంత హోరులో నీకెలా వినపడిందిరా?"

"నేనూ అక్కనే పిలుస్తున్నా బావా. ఊపిరి తీసుకుందామని ఆగితే నీ గొంతు వినపడింది."