ఇంటింటి బెల్లం

శ్రీరామనవమికి కలకత్తా ఏక్‌బాల్‌పూర్ బస్తీలోని మన తెలుగువాళ్ళు ఇంటికో ముక్క బెల్లం ఇచ్చి, ఒకే బిందెలో పానకం కలుపుతారు. ఆ ఏడాది కలిపే వంతు వచ్చిన ఇంటి గుమ్మంలో బావా బావమరుదులిద్దరు, ఓడరేవు డాకులో కూలీలే, ఎదురెదురుగా నిలబడ్డారు.

“మా బెల్లం మాకిచ్చెయ్. నీ చేతి పానకం సందులో ఎవులూ తాగరట.”

“ఏటి చేసినాను బావా?”

“నన్నడుగుతున్నావా? సమ్మెలో మేమంతా గేటు కాడ ఎండలో కూసుంటే, నువ్వు ఎనకాల గోడ దూకి పనికి పోనావు.”

“పొయ్యి ఎలగలేదు, పోనాను. ఎర్రజెండా పట్టినోలికి రాముడి పానకం ఏటికి?”

“ఆ ఎటకారమే వద్దు. ఇకమీదట నీ గుమ్మం ఎవుడూ తొక్కడు. మా చెల్లి మా ఇంటికొస్తే ఒక్కతే రావాల.”

“మీ చెల్లే బెల్లం దంచింది. నాను నీళ్ళు పోసినాను.”

“ఎవులి బెల్లం?”

“అందరిదీ. మాది కూడా. కరిగిపోనాది. ఇదిగో బిందె. నీ బెల్లమేదో, నా బెల్లమేదో ఏరుకుని పట్టుకుపో.”

బెల్లం అడగొచ్చిన బావ బిందెలోకి వంగి చూశాడు. అవతల గుడి దగ్గర గంట మోగుతోంది.

“మిరియాల పొడి ఏసినావా?”

“ఇంకా లేదు.”

“ఇలాగియ్యి, నానేస్తాను. ఎవులడిగినా కలిపింది నానని చెప్పు.”

“అబద్ధం చెప్పను బావా.”

“అయితే నోరు మూసుకుని బిందె ఆ పక్క పట్టు.”